వేలెడంత దాని మీద నిలబడ్డ గ్రంథాలయం

ఆ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ సర్వరమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఒకరోజు ఆ మాట ఆవిడ చెవిన పడనే పడింది. ఇక మన పని అయిపోయిందని అందరూ బిక్కచచ్చి నిలబడితే, "బాగానే ఉంది, తలుపు మీద రాయించండి" అని తన దారిన వెళ్ళిపోయింది. రాయించారు కూడా. సిగ్గుపడే రకం కాదు ఆవిడ. తనకు వచ్చిన పని తనకు వచ్చని చెప్పుకుంటే అది గొప్పలు పోవడం కాదని ఆవిడ వాదన. గొప్పలు పోవడమే, నన్నడిగితే. కాకపోతే చెప్పేదానికీ చేసేదానికీ ఎప్పుడూ తేడా రాలేదు కాబట్టి ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

పేరుకు అది గ్రంథాలయమే గాని లోపల పుస్తకాల బీరువా ఒక్కటి కూడా ఉండదు. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చోటు అది. తీరిక ఉన్నవాళ్ళు వచ్చి, గోడలకు పాత పరుపులు కొట్టిన చిన్న గదుల్లో కూర్చుని చదివిపోతారు. ఆ గొంతులన్నీ సర్వరులో చేరతాయి. హాస్టళ్ళలో, ఇళ్ళలో ఉన్న పిల్లలు వాటిని ఫోనులో పెట్టుకుని వింటారు. బడి పాఠాల నుంచి న్యాయశాస్త్రం దాకా అందులో లేనిది లేదు. ఇంత సరంజామా ఉన్నది ఎక్కడంటే, మెట్ల కింద ఒకప్పుడు చీపుర్లు పెట్టుకున్న గదిలో. సర్వరమ్మ రాజ్యం అదే.

ఆవిడ తండ్రి మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. ఇల్లంతా స్పీకరు డబ్బాలు, వైరు చుట్టలు. తోటి పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే ఈవిడ ఆంప్లిఫయరు మూత విప్పుకుని కూర్చునేది. ఒకసారి విప్పింది మళ్ళీ బిగించలేక, మిగిలిపోయిన మరలన్నీ బియ్యం డబ్బాలో దాచేసింది. వాటిలో ఒకటి అన్నంలో తండ్రి పంటి కిందికి వచ్చింది. వీపు విమానం మోత మోగుతుందనుకుంది పిల్ల. ఆయన మాత్రం ఆ మర నోట్లోంచి తీసి కంచం పక్కన పెట్టి, "విప్పడం కోతికైనా వస్తుందే. బిగించడం వచ్చిందా అని అడుగుతారు జనం" అన్నాడు. ఆ పూట నుంచి తిరిగి పని చేసేదాకా దేన్నీ వదలని మొండితనం ఆవిడకు అంటుకుంది. ఆ మొండితనంతోనే కంప్యూటరు చదువు చదివింది, ఆ మొండితనంతోనే కాపురమూ చేసింది.

కాపురానికి మొండితనం ఎందుకంటే, అత్తగారు లెక్కల టీచరు. రిటైరయినా లెక్కల టీచరే. ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్రలైటు పడితే ఆగి నిలబడే మనిషి. కోడలు నోరున్నది, అత్తగారు నియమం ఉన్నది. మధ్యలో భర్తగారు గోడ మీది పిల్లి. ఇరవై ఏళ్ళలో కోడలి ఉద్యోగం ఏమిటని ఎవరడిగినా అత్తగారు "ఏదో కంప్యూటర్ల దగ్గర" అనేది, అక్కడికి ఆ మాట తుంచేసేది. కోడలికి అది ముల్లులా గుచ్చుకునేది గాని, ఊరందరికీ చెప్పుకునే మనిషి ఆ ఒక్క మనిషి దగ్గర మాత్రం చెప్పుకోలేదు.

రిటైరయ్యాక ఇంట్లో తోచక, అత్తగారు కూడా గ్రంథాలయానికి వచ్చి చదవడం మొదలుపెట్టింది. చదవడమంటే ఆవిడలా చదవాలి. అక్కడి పద్ధతి ఏమిటంటే, పేజీలో కనబడే ప్రతిదీ చెప్పాలి. బొమ్మ ఉంటే బొమ్మ, గీత ఉంటే గీత, కింద చిన్న అక్షరాలుంటే అవీ. వినేవాళ్ళకు కళ్ళు మనమే కదా. మిగతావాళ్ళు అప్పుడప్పుడు దాటేసేవాళ్ళు. ఆవిడ ఒక్క చుక్క కూడా దాటేది కాదు. "త్రిభుజం ఉంది. కుడివైపు కోణం దగ్గర చిన్న చతురస్రం గుర్తు ఉంది. అంటే అది లంబకోణం, గుర్తుపెట్టుకోండి" అని చెబుతుంటే చూపున్నవాళ్ళకు కూడా లెక్క కొత్తగా కనబడేది.

ఇక సర్వరు సంగతి. అది మూతపడిన ఏదో ఆఫీసు వాళ్ళు ఊరికే ఇచ్చిన పాత పెట్టె. అందులో డిస్కులు పెట్టుకునే అరలు నాలుగే. నాలుగింటినీ పుస్తకాలకే ఇచ్చేసింది సర్వరమ్మ. మరి ఆ పెట్టెను నడిపే సాఫ్ట్‌వేరు ఎక్కడ పెట్టాలి? వేలెడంత పెన్ డ్రైవ్‌లో పెట్టి పెట్టె వెనకాల గుచ్చింది. మిషన్ లేస్తూనే అందులోంచి తనకు కావలసిందంతా మెమరీలోకి ఎక్కించుకుంటుంది. ఒకసారి ఎక్కాక ఆ పెన్ డ్రైవ్‌తో పెద్దగా పని ఉండదు, మళ్ళీ ఆపి లేపేదాకా. పిట్ట కొంచెం కూత ఘనం అని ఆవిడే మురిసిపోయేది. దాని మీద చీటీ అంటించమని రికార్డింగు గదులు చూసే బాబాయ్ ఒకసారి అన్నాడు. "ఈ గదిలోకి నేను తప్ప ఎవరొస్తారు బాబాయ్? అదేమిటో నాకు తెలుసుగా" అంది. అదుగో, అక్కడ పడింది బీజం.

అంతకు ముందే ఇంకో బీజం కూడా తనే నాటింది. ఎవరో ఇంటి నుంచి తెచ్చిన పెన్ డ్రైవ్‌తో వైరస్ వచ్చి ముందుగది కంప్యూటర్లన్నీ మూలపడ్డాయి. వాటిని బాగుచేసేసరికి సర్వరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కోపంలో పెద్దక్షరాలతో ఒక కాగితం రాసి గోడకు అంటించింది: ఏ మిషన్‌కైనా పెన్ డ్రైవ్ గుచ్చి వదిలేసి కనబడితే, అది ఎవరిదైనా సరే, పీకి బిస్కెట్ల డబ్బాలో వేయాలి. ఆ డబ్బా బాబాయ్ బల్ల మీద ఉంటుంది. అందులోవాటిని ఆయన ఖాళీ చేసి మళ్ళీ రికార్డింగులకు వాడతాడు. నాలుగు రోజులయ్యాక ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కరు తప్ప.

ఆ ఉదయం కరెంటు మేస్త్రి పాత స్విచ్ బోర్డు తీసి కొత్తది బిగించడానికి వచ్చాడు. సర్వరమ్మ పద్ధతిగా సర్వరును ఆపింది. ఎప్పుడూ లేనిది అది కాస్త మొరాయించింది గాని, ముసలి పెట్టె కదా అని వదిలేసింది. మేస్త్రి పని ముగించాడు. బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. నల్లటి తెర మీద తెల్లటి ముక్క ఒకటి వచ్చి నిలిచింది: లేవడానికి ఏ పరికరమూ దొరకలేదు.

వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమింది. ఉండాల్సిన చోట ఏమీ లేదు. టార్చి వేసి చూసింది, నేల మీద వెతికింది, పెట్టె కిందా చూసింది. 

గంట తిరక్కముందే ముందుగదిలో ఫోన్లు మొదలయ్యాయి. మర్నాడే పిల్లలకు లెక్కల పరీక్ష. వింటున్న పాఠం మధ్యలో ఆగిపోయిందని ఒకరు, పుస్తకమే కనబడట్లేదని ఒకరు.

గ్రంథాలయాన్ని నడిపే డైరెక్టరు గారికి పుట్టుకతోనే చూపు లేదు. మెట్ల కిందికి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పాడు. "కమిటీ ప్రెసిడెంటు గారు ఫోను చేశారమ్మా. ఎవరో కంపెనీ మనిషిని మాట్లాడారట. అతను ఎల్లుండి వస్తాడు. డిస్కులతో సహా అన్నీ చెరిపేసి కొత్తగా వేస్తే బాగా నడుస్తుందట, పాత పుస్తకాలు మిగులుతాయని మాత్రం మాటివ్వలేనన్నాడట."

"ఎలా మిగులుతాయి సార్, చెరిపేస్తే!"

"రెండో కాపీ లేదు కదా మన దగ్గర."

"డిస్కులు కొనమని అడిగినప్పుడల్లా కమిటీ వచ్చే ఏడు చూద్దాం అంది. ఏ ఏడో చెప్పలేదు."

 డైరెక్టరు గారు నెమ్మదిగా అన్నాడు. "పుస్తకాలు పోతే మళ్ళీ చదివించుకోవచ్చు అంటారు వాళ్ళు. చదివినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరమ్మా. వాళ్ళ గొంతులు ఆ పెట్టెలోనే ఉన్నాయి."

సర్వరమ్మ లేచి నిలబడింది. "డిస్కుల మీద ఎవరి చెయ్యీ పడనివ్వను సార్. సాయంత్రంలోగా లేపుతాను. ఒక్క పుస్తకం తగ్గినా తలుపు మీద నా పేరు చెరిపేయించండి."

అనడమైతే అనేసింది. ఆయన వెళ్ళగానే స్టూలు మీద కూలబడింది. గది గదికీ తిరిగి అడిగింది, నల్లటి చిన్న పెన్ డ్రైవ్ ఎవరైనా చూశారా అని. అందరూ తలలు అడ్డంగా ఊపారు. చివరి గదిలో అత్తగారు చదువుతోంది. అధ్యాయం అయ్యేదాకా తలుపు తీయదు. అయ్యాక తీసింది.

"నల్లదా? సర్వరు వెనకాల గుచ్చి ఉన్నదేనా? నేనే తీశానమ్మాయ్. పోయిన వారం, ఇంటికి వెళ్దామని నిన్ను పిలవడానికి వచ్చినప్పుడు. నువ్వు లేవు, అది ఉంది. పీకి బిస్కెట్ల డబ్బాలో వేశాను."

"అత్తయ్యా! అదేమిటో అడగక్కర్లేదా?"

"ఎవరిదైనా సరే అని రాశావు కదా. అడిగి తీయమని రాయలేదే."

  అంత మంది పనిచేసే ఆఫీసులో సర్వరమ్మ మాటను తు.చ. తప్పకుండా పాటించిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడమంటే ఇదే.

బాబాయ్ దగ్గరికి పరుగెత్తింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆ నల్లదాన్ని ఆయన ఎప్పుడో తుడిచేశాడు. ఇప్పుడందులో అత్తగారు చదివిన కొత్త అధ్యాయాలున్నాయి. పెన్ డ్రైవ్ పోయాక కూడా అన్నాళ్ళూ సర్వరు మెమరీలో ఉన్నదాంతోనే నెట్టుకొచ్చింది, పాపం. ఈ రోజు ఆపబట్టి బయటపడింది.

"నా వల్లే వచ్చిందా ఇదంతా?" అత్తగారు వెనకే వచ్చి నిలబడింది. ఆ గొంతులో లెక్కల టీచరు లేదు.

తిట్టేస్తే తేలికయ్యేది. సర్వరమ్మ ఆవిడ మొహం చూసింది, గోడ మీది కాగితం చూసింది. "మీ వల్ల కాదు. చీటీ అంటించని నా వల్ల. రండి, చెయ్యి సాయం కావాలి" అంది.

ముందు ఆ నల్లదానిలోని అధ్యాయాలను లాప్‌టాప్‌లోకి తీసింది. తర్వాత డబ్బాలోంచి ఇంకోటి, ఎర్రటిది, ఏరుకుంది. సర్వరును నడిపే సాఫ్ట్‌వేరును ఇంటర్నెట్‌లోంచి దించి ఆ ఎర్రదాని మీదికి ఎక్కించింది. ఊరికే ఫైలు లాగి పడేస్తే మిషన్ దాన్ని గుర్తుపట్టదు. మొదటి అక్షరం నుంచీ వరసగా రాయించాలి. ఎర్రది పట్టుకుని సర్వరును లేపాలి, నల్లదాని మీద కొత్తగా వేయాలి. అంటే మోసుకొచ్చే గుర్రం ఎర్రది, కాపురముండే ఇల్లు నల్లది. మధ్యలో చెయ్యి జారి డిస్కుల్లో ఒకదాన్ని ఇల్లనుకుందో, గొంతులన్నీ గంగలో కలిసినట్టే.

అందుకని ముందుగా నాలుగు డిస్కుల తీగలూ పీకెయ్యాలని నిశ్చయించుకుంది. మిషన్‌కు కనబడనిదాన్ని మిషన్ చెరపలేదు కదా.

"ఏ తీగ ఎక్కడిదో కలిసిపోతే?" అంది అత్తగారు. జవాబు కోసం ఆగకుండా తన సంచీలోంచి కుట్టుపని డబ్బా తీసి, ఒక్కో తీగకూ దాని డిస్కుకూ ఒకే రంగు దారం ముడివేసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు. తీగలు ఊడాయి. ఎర్ర పెన్ డ్రైవ్, పక్కనే ఖాళీ నల్లదీ గుచ్చి బటన్ నొక్కారు. మళ్ళీ అదే ముక్క: ఏ పరికరమూ దొరకలేదు.

 సర్వరమ్మ ఎర్రదాన్ని ఇంకోసారి రాయించింది. ఇంకోసారి నొక్కింది. అదే. అప్పుడు పెట్టె వెనక్కి వంగి చూస్తే తెలిసింది, కంగారులో ఎర్రదాన్ని లోపల నీలం రంగున్న కొత్త రకం రంధ్రంలో గుచ్చింది. ఈ ముసలి పెట్టె లేచేటప్పుడు ఆ రంధ్రాలను పలకరించదు. తెలిసిన సంగతే, పదిసార్లు ఇతరులకు చెప్పిన సంగతే. తన నెత్తిన తనే ఒకటి మొట్టుకుని పాత రకం నల్లటి రంధ్రంలోకి మార్చింది. ఈసారి ఎర్రదాని దీపం మిణుక్కుమంది.

తెర నిండా అక్షరాలు మొదలయ్యాయి. సర్వరమ్మ వెనకాల తీగలు పట్టుకుని ఉంది. తెర ముందు అత్తగారు. అలవాటు ఎక్కడికి పోతుంది! కనబడిందల్లా చదవడం మొదలుపెట్టింది, రికార్డింగు గదిలో చదివినట్టే. "తెర నల్లగా ఉంది. అక్షరాలు తెల్లగా పైకి పోతున్నాయి. ఇప్పుడు ఆగాయి. మధ్యలో నీలం పెట్టె వచ్చింది. ఎక్కడ వేయాలి అని అడుగుతోంది. కింద రెండు వరసలున్నాయి."

గుమ్మంలో అడుగుల చప్పుడయింది. డైరెక్టరు గారు. "టీచరుగారూ, ఆ రెండు వరసలూ ఏమిటో చదవండి."

"మొదటిది ఎనిమిది జీబీ. రెండోది పదహారు జీబీ."

"డిస్కులు కనబడుతున్నాయా?"

"ఒక్కటీ లేదండీ. ఈ రెండే."

"ఎనిమిది ఎర్రది, పదహారు నల్లది" అంది సర్వరమ్మ వెనక నుంచి. "రెండోదాని మీదికి వెళ్ళి ఎంటర్ నొక్కండి అత్తయ్యా."

"ఆగు. ఇంకో పెట్టె వచ్చింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడుగుతోంది. అవును, కాదు అని రెండున్నాయి." ఆవిడ వేలు గాలిలో ఆగిపోయింది. "నువ్వే నొక్కమ్మాయ్. నా చేత్తో వద్దు."

"మీ చేత్తోనే నొక్కండి. పదహారు అనే రాసుంది కదా?"

"పదహారే."

"నొక్కండి."

నొక్కింది. గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతుంటే ఎంత పాకిందో, ఎంత మిగిలిందో చెబుతూనే ఉంది. బాబాయ్ వచ్చాడు. ముందుగది అమ్మాయి వచ్చింది. మేస్త్రి పని అయిపోయినా వెళ్ళకుండా నిలబడ్డాడు. చీపుర్ల గది ముందు ఇసుక వేస్తే రాలని జనం. వాళ్ళకు తెర కనబడదు. అందరూ చెవులతోనే చూస్తున్నారు.

పని ముగిసింది. మిషన్ ఆపి ఎర్రది తీసేశారు. దారాల రంగులు చూసుకుంటూ తీగలన్నీ మళ్ళీ బిగించింది సర్వరమ్మ. ఇప్పుడు నల్లది ఒక్కటే దిక్కు. బటన్ నొక్కింది.

"అక్షరాలు పోతున్నాయి. చాలా జోరుగా పోతున్నాయి, నేను అందుకోలేను. ఇప్పుడు నెమ్మదించాయి. లేచింది! పేరు చెబుతోంది!" అత్తగారి గొంతు పైస్థాయికి వెళ్ళింది. లాప్‌టాప్‌లో దాచిన సెట్టింగుల కాపీని సర్వరమ్మ అందించింది. ఆ మాత్రం జాగ్రత్త పడినందుకు తన భుజం తనే తట్టుకుంది కూడా. ఇక డిస్కులను వెతకమంది.

"ఒకటో డిస్కు, ఆన్‌లైన్. రెండోది, ఆన్‌లైన్. మూడోది, ఆన్‌లైన్." ఆగింది. "నాలుగోది లేదు."

  సర్వరమ్మ మళ్ళీ అంతా ఆపి, టార్చి నోట్లో కరుచుకుని పెట్టెలోకి తల దూర్చింది. పసుపు తీగ. బిగించేటప్పుడు ముడి కొస తీగకూ డిస్కుకూ మధ్యలో ఇరుక్కుంది. దారమంత అడ్డు. గోటితో లాగి, ఊది, టక్కుమనేదాకా నొక్కింది.

ఇంకోసారి బటన్. ఇంకోసారి అక్షరాలు. ఈసారి అత్తగారు పక్కా లెక్కల టీచరు. "ఒకటి, ఆన్‌లైన్. రెండు, ఆన్‌లైన్. మూడు, ఆన్‌లైన్. నాలుగు..." ఆ క్షణం ఎంత పొడుగో అక్కడున్నవాళ్ళను అడగాలి. "నాలుగు, ఆన్‌లైన్! పుస్తకాల పేర్లు వస్తున్నాయి. వరసగా వస్తున్నాయి. పేజీ నిండింది. రెండో పేజీ కూడా నిండింది!"

"ఎన్నున్నాయి టీచరుగారూ?" డైరెక్టరు గారు అడిగాడు.

"కింద మొత్తం వేసుంది. నిన్న రాత్రి ఎన్నున్నాయో మీకు తెలుసు కదండీ, మీరు చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆవిడ అదే అంకె చదివింది. చీపుర్ల గది ముందు కేకలు, చప్పట్లు. బాబాయ్ మేస్త్రిని కావలించుకున్నాడు, మేస్త్రి ఎందుకో తెలియకుండానే తనూ కావలించుకున్నాడు. సర్వరమ్మ దుమ్ము కొట్టుకున్న మొహంతో లేచి, "చెప్పానా, సాయంత్రంలోగా అని! ఇంకా ఎండ ఉంది చూసుకోండి!" అంది. ప్రెసిడెంటు గారికి ఫోను చేసి, కంపెనీ మనిషి రానక్కర్లేదని, అతనికిచ్చే డబ్బుతో రెండో కాపీకి డిస్కులు కొనమని, అందరూ వినేలా తనే చెప్పింది. ఈసారి ఆయన వచ్చే ఏడు అనలేదు.

అంతలో ముందుగదిలో ఫోను మోగింది. దగ్గర్లో ఉన్నది అత్తగారే, ఆవిడే తీసి స్పీకరు నొక్కింది. హాస్టలు నుంచి ఒక అమ్మాయి.

"మేడమ్, వచ్చేసింది! పొద్దున ఆగిన చోటు నుంచే మొదలైంది. ఇంకా త్రిభుజాల పాఠం ఉండిపోయింది మేడమ్, అది లేకపోతే రేపు పరీక్షకు వెళ్ళనే వద్దనుకున్నా. ఆ టీచరుగారు చెబితేనే నాకు బొమ్మ కనబడుతుంది."

 అత్తగారు మొహం తుడుచుకుని ఫోను మీదికి వంగింది.

"ఆ పాఠం చెప్పింది నేనేనమ్మా. దాన్ని పోగొట్టబోయిందీ నేనే. తెచ్చిచ్చింది మా కోడలు. ఇక్కడి సర్వరంతా తన చేతిలోనే ఉంటుంది, తనంత పనిమంతురాలు ఇంకోళ్ళు లేరు. సరే, కబుర్లు చాలు. వెళ్ళి విను, రేపు బాగా రాయాలి."

ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు తన సంచీ సర్దుకుంది. ఊరందరికీ తన గొప్ప తనే చెప్పుకునే సర్వరమ్మ గుమ్మంలో నిలబడి ఆ మాటలన్నీ విన్నది.  దుమ్ము చేతులతోనే వెళ్ళి అత్తగారి చేతిలోని సంచీ అందుకుంది.